ఇద్దరం లోబడిన వారం

మా పెళ్లిలో పాస్టరు అయ్యగారు పుస్తకంలో ఒక పేజీ ఎక్కువ తిప్పారు. జరిగింది అంతే. కానీ ఇప్పటికీ మా చర్చిలో ఎవరి పెళ్లి జరిగినా, ప్రమాణాల దగ్గరికి వచ్చేసరికి జనం మా ఇద్దరి వైపు తిరిగి ముసిముసిగా నవ్వుతారు. నేను పైట చెంగు చూసుకుంటూ కూర్చుంటాను. మావారు మాత్రం చుట్టూ చూసి తల ఊపుతారు, సన్మానం అందుకుంటున్నట్టు.

ప్రమాణాలను అయ్యగారు ముక్క ముక్కగా చెబుతారు, పెళ్లికొడుకు, పెళ్లికూతురు వెనకాలే పలకాలి. ప్రేమిస్తానని ఇద్దరూ అంటారు. పోషిస్తాను, కాపాడతాను అనేవి పెళ్లికొడుకు మాటలు. లోబడి ఉంటాను అనేది పెళ్లికూతురి మాట. పెళ్లికి ముందు నేను నా డైరీలో ఆ ఒక్క మాట గురించే రాసుకుంటూ ఉండేదాన్ని. మాది గుంటూరు వైపు. నాన్న మిషన్ బడిలో పంతులు. ఇంటి నిండా పుస్తకాలు, నోట్లోంచి మాట రాని కూతురు. అన్నం ఇంకాస్త కావాలన్నా నేను అడిగేదాన్ని కాదు, అమ్మ గమనించే దాకా ఖాళీ కంచంలో వేలు పెట్టి గీతలు గీసేదాన్ని. అలాంటి దాన్ని కొత్తగా లోబడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. ఇంతకన్నా లోబడితే నేలలోకి దిగిపోవాలి.

అయ్యగారు ముసలాయన. కళ్లజోడు కొత్తది. పెళ్లికొడుకు చేత పలికించాల్సిన చోట పెళ్లికూతురి మాటలు మొదలుపెట్టారు. పెళ్లికొడుకు ఏం చెబితే అది పలికే స్థితిలో ఉన్నారు. కుట్టించిన సూటు, లోపల చెమట, చేతిలో నలిగిపోతున్న రుమాలు. వెనక బెంచీ దాకా వినిపించేలా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, నాకు లోబడి ఉంటానని ప్రమాణం చేసేశారు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు మొదలై మగవాళ్ల వైపుకు పాకింది. సంఘపెద్ద గట్టిగా దగ్గారు. అయ్యగారు పేజీ వెనక్కి తిప్పి చూసుకుని నాలుక కరుచుకున్నారు.

"మళ్ల జెప్పాల్నా అయ్యగారూ?" అని అడిగారు మావారు, ఇంకా అదే గొంతుతో.

"వద్దులే నాయనా. వినాల్సినవాడు విన్నాడు. అది అట్లాగే ఉండనీ, నీ మాటలు కూడా కలిపి చెప్పు," అన్నారాయన.

అలా మావారు రెండు పూచీలూ నెత్తిన వేసుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ లోబడతానన్నాను గానీ అది నాకే వినపడలేదు.

నేను కాపురానికి వచ్చిన కొండాపూర్ చిన్న పల్లె. ఇంటి ముందు బండరాళ్లు, ఇంటి వెనక బండరాళ్లు, వాటి మధ్య సీతాఫలం చెట్లు. మాకు కరెంటు లేదు. నీళ్లు ఊరి చివర బావి నుంచి మోసుకురావాలి. మావారు బాలానగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొద్దున్నే సైకిలెక్కి వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. ఇంట్లో మేమిద్దరం కాక మా అత్తగారు, ఆమె కోళ్లు. నేను "అత్తయ్యగారూ" అని పిలిస్తే ఆమె మొదటి రోజే నవ్వింది.

"గారూ గీరూ ఏంది బిడ్డా, నేనేమన్న తాసిల్దారునా? అత్తమ్మా అను."

పెళ్లిలో జరిగిన పొరపాటు మా ఇంట్లో రోజువారీ హాస్యం అయింది. కూర ఏం చేయమంటారని అడిగితే, "లోబడినోణ్ణి నన్నడుగుతవేంది? నువ్వే చెప్పు," అనేవారు మావారు. "నేనూ లోబడ్డానుగా, మీ ఇష్టమండీ," అనేదాన్ని. "నీ ఇష్టం." "కాదు, మీ ఇష్టం." అత్తమ్మ పొయ్యి ముందు కూర్చుని, "మీ ఇష్టాలు తెగేసరికి నా నిప్పులు ఆరిపోతున్నయి," అని తనకిష్టమైన పొట్లకాయ తరిగేది. మావారికి పొట్లకాయ ఇష్టమని నేను, నాకు ఇష్టమని ఆయన అనుకుంటూ ఒక చలికాలమంతా తిన్నాం. ఇద్దరికీ అదంటే గిట్టదన్న సంగతి తెలిశాక అత్తమ్మ రోజంతా నవ్వుతూనే ఉంది.

కూర విషయంలో అయితే నవ్వుకోవచ్చు. నవ్వులాట కాని విషయం ఆ ఎండాకాలం వచ్చింది.

గోపన్‌పల్లి పక్కన కొత్తగా యూనివర్సిటీ కడుతున్నారు. అక్కడ రేకుల షెడ్డులో లైబ్రరీ పెడుతున్నారని, పుస్తకాల పేర్లు కార్డుల మీద రాయడానికి ఇంగ్లీషూ తెలుగూ చక్కగా రాయగల మనిషి కావాలని అయ్యగారి భార్యకు ఎవరో చెప్పారు. ఆమె నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. లైబ్రరీ చూసే పెద్దాయన నా చేత నాలుగు లైన్లు రాయించి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "బాగుందమ్మా. వచ్చే సోమవారం నుంచి రండి. రాలేకపోతే శుక్రవారం లోపల కబురు చేయండి, ఇంకొకరిని చూసుకుంటాం," అన్నారు. ఆయన వెనక గోడ పొడవునా చెక్కపెట్టెలు. ఒక పెట్టె మూత సగం లేచి ఉంది. లోపల పుస్తకాల వీపులు కనిపిస్తున్నాయి. ఇంటికి వచ్చే దారిలో అయ్యగారి భార్య ఏమేం మాట్లాడిందో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

ఆ సాయంత్రం మావారు ఎప్పటికన్నా ముందే వచ్చారు. సైకిలు గోడకు ఆనించకముందే, "క్వార్టర్ వచ్చింది!" అన్నారు. ఫ్యాక్టరీ పక్కనే రెండు గదుల ఇల్లు. ఇంట్లోనే కుళాయి. కరెంటు లైటు. దానికోసం ఆయన పెళ్లికి ముందు నుంచి ఎదురుచూస్తున్నారు. ఈ నెలాఖరులోగా చేరకపోతే వరసలో తర్వాతి వాళ్లకు పోతుంది. బాలానగర్ నుంచి గోపన్‌పల్లికి ఆ రోజుల్లో నేరుగా బస్సు లేదు. క్వార్టర్‌కు వెళితే నా లైబ్రరీ లేదు. లైబ్రరీకి వెళితే ఆయన క్వార్టర్ లేదు. ఇంకో దారి ఎంత వెతికినా కనపడలేదు.

నేను నా సంగతి చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ అత్తమ్మ ఆగలేదు, అక్కడికక్కడే చెప్పేసింది. మావారి ముఖంలో ఏదో మెరిసి ఆరిపోయింది. వెంటనే నవ్వేసి, "ఇగ క్వార్టర్ ఎందుకు? నువ్వు లైబ్రరీల చేరు," అన్నారు.

"నాకేం అక్కర్లేదండీ. కుళాయి ఉన్న ఇల్లు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. క్వార్టర్‌కే వెళదాం," అన్నాను.

"అమ్మకు ఈడ అలవాటైంది. కోళ్లున్నయి, తెలిసినోళ్లున్నరు. ఆడికొస్తే పరేషానైతది."

"బావి ఎంత దూరమో చూడండి."

"కోళ్లను ఏం జేస్తవో చెప్పు."

మాకు అదే మొదటి పోట్లాట. సోమవారం సాయంత్రం మొదలై మంగళవారం పొద్దున కూడా సాగింది. నేను గొంతు పెంచాను. నాకు గొంతు ఉందని నాకే అప్పుడు తెలిసింది. నాకు ఆ పెట్టెల్లోని పుస్తకాలు ఎంత కావాలో అంత గట్టిగా వద్దన్నాను. లోబడటం అంటే కోరిక ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా మింగేయడమని నా లెక్క. నేను మింగుతున్నదే ఆయన కూడా మింగుతున్నారని ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరి పట్టు వాళ్లదే. ఆయన సైకిలు గంట కోపంగా మోగించుకుంటూ వెళ్లిపోయారు.

పక్కింటి అక్క బర్రెపాలు పిండి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగింది. వాళ్లు మా మతం వాళ్లు కారు గానీ, మా ఇంట్లో జరిగేదంతా ఆమెకు తెలియాల్సిందే.

"ఏందే చెల్లే, పొద్దుపొద్దుగాల లొల్లి? తమ్ముడు ఏమంటున్నడు?"

"నన్ను ఉద్యోగానికి వెళ్లమంటున్నారు."

"అయ్యో. నీకు పోబుద్ధైత లేదా? జబర్దస్తీ పంపుతున్నడా?"

"లేదక్కా. నాకూ వెళ్లాలనే ఉంది."

ఆమె పాలచెంబు కింద పెట్టింది. "మరి?"

"ఆయనకు వచ్చిన క్వార్టర్‌కు వెళదామని నేనంటున్నాను."

"ఆయనకు పోవాల్నని లేదా?"

"ఉంది."

"గిట్లాంటి లొల్లి నేనెన్నడు సూడలే. మా ఇంట్ల నేను, మా ఆయన గెల్వాల్నని కొట్లాడ్తం. మీరేంది, ఓడిపోనీకె కొట్లాడ్తున్నరు?" అని చెంబు ఎత్తుకుని, అత్తమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, వీళ్లకు జర బుద్ధి చెప్పు," అంది.

"నా మోకాళ్లను, నా కోళ్లను మధ్యల గుంజుకుంట కొట్లాడ్తున్నరు. నన్ను మాత్రం ఒక్కరు అడగలే," అంది అత్తమ్మ. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది.

బుధవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. అయ్యగారు వచ్చారు. ప్రార్థన అయిపోయి, మిగిలినవాళ్లు వెళ్లిపోయాక ఆయన చాప మీద కూర్చుని టీ తాగుతుంటే అత్తమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయ్యగారూ, పెండ్లిల పేజీ తప్పు తిప్పింది మీరు. మీరే సక్కగ జెయ్యాలె."

"ఏమైందమ్మా?"

"ఇద్దరు లోబడ్డరు. ఇంట్ల ఫైసలా చేసేటోళ్లు లేరు."

అయ్యగారు గ్లాసు కింద పెట్టి పగలబడి నవ్వారు. జరిగింది మొత్తం విన్నాక మాత్రం నవ్వలేదు. "లోబడమన్న ఆ బైబిలు వాక్యంలో ఆడవాళ్లకు చెప్పింది చిన్న ముక్క," అన్నారు. "మగవాళ్లకు చెప్పింది చాలా పొడుగు. నీ ప్రాణం ఆమె కోసం పెట్టమని. మనవాళ్లు చిన్న ముక్క చదివి పుస్తకం మూసేస్తారు. అసలు ఆ రెండింటికన్నా ముందు ఒకరికి ఒకరు లోబడమనే ఉంది. కాబట్టి నేను తిప్పిన పేజీ అంత తప్పేం కాదు." తర్వాత మావారి వైపు చూశారు. "నీకేం కావాలి నాయనా?"

"ఆమె లైబ్రరీల..."

"ఆమె సంగతి నేనడగలేదు. నీకు?"

మావారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. అయ్యగారు నా వైపు తిరిగారు. "నీకేం కావాలమ్మా?"

"ఆయన చాలా రోజుల నుంచి..."

"ఆయనతో మొదలయ్యే జవాబు నాకొద్దు. నువ్వు గుడ్డలో చుట్టి అతని చేతికి ఏదో ఇస్తున్నావు. అతను గుడ్డలో చుట్టి నీకేదో ఇస్తున్నాడు. లోపల ఏముందో చూపించకుండా ఇస్తే తీసుకునేవాడు ఏమని తీసుకుంటాడు? దేనికని కృతజ్ఞత చెప్పుకుంటాడు?"

చాప అంచున ఒక ఈతాకు పోగు లేచి ఉంది. నేను దాన్ని పీకుతూ కూర్చున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు. నాకు కావాలి అనడానికి నా నోరు ఎప్పుడూ అలవాటు పడలేదు. ఖాళీ కంచంలో గీతలు గీయడమే నాకు వచ్చు. ఇక్కడ అమ్మ లేదు, గమనించి వడ్డించడానికి. పైగా నేను చెప్పకపోతే మంచిదాన్నిగా మిగిలిపోతాను, చెబితే ఆయన ఇల్లు లాక్కున్నదాన్ని అవుతాను. మంచిదాన్నిగా మిగిలిపోవడం మీద నాకు ఎంత మోజు ఉందో అప్పుడు కనిపించి సిగ్గు వేసింది.

"నాకు ఆ పని కావాలి," అన్నాను, ఈతాకుతో. తర్వాత మావారి వైపు చూసి మళ్లీ అన్నాను. "చాలా కావాలండీ. ఆ పెట్టెలు విప్పేటప్పుడు నేను అక్కడ ఉండాలి."

మావారు నన్ను కొత్తగా చూశారు. తర్వాత తల గోక్కున్నారు.

"నాకు క్వార్టర్ కావాలె. అమ్మ మోకాళ్లు అంటే అబద్ధం కాదు గానీ..." ఆగి, అత్తమ్మ వైపు ఒకసారి చూసి, "ఆడ వాలీబాల్ కోర్టున్నది," అన్నారు.

"ఏందీ?" అంది అత్తమ్మ.

"పొద్దుమూకంగ అందరు ఆడ్తరు. నేను ఇంత దూరం సైకిల్ తొక్కాల్నని డ్యూటీ అయిపోంగనే వచ్చేస్త. వాళ్లు నెట్టు కడ్తుంటరు, నేను సైకిల్ తీస్తుంట. క్వార్టర్ వస్తే రోజూ ఆడొచ్చు అనుకున్న."

పెళ్లయి ఏడాది దాటింది. ఈయనకు వాలీబాల్ ఇష్టమని నాకు తెలియదు. పుస్తకాల్లో మనుషుల మనసులు చదివానని గర్వపడేదాన్ని, పక్కనే ఉన్న మనిషికి సాయంత్రం ఏం కావాలో ఎన్నడూ అడగలేదు.

అయ్యగారి ముఖం వెలిగింది. "ఇప్పుడు ఇవ్వు నాయనా. ఎవరికేమిస్తావో ఇప్పుడు ఇవ్వు."

మావారు చాలాసేపు ఆలోచించలేదు. "ఆమె లైబ్రరీల చేరుతది. క్వార్టర్ ఒద్దని రేపు చెప్త. గీసారి గుడ్డల చుట్టి ఇస్తలేను," అన్నారు. మూడు రోజులుగా అదే మాట ఆయన నవ్వుతూ అన్నప్పుడు వద్దనడం నాకు చాలా తేలికగా ఉండింది. ఇప్పుడు ఆయన నవ్వడం లేదు. ఏం వదులుకుంటున్నారో నాకు తెలుసు. వద్దండీ అని నోటి దాకా వచ్చింది. ఆ మాట మింగడమే నాకు నిజంగా కష్టమైంది. ఇవ్వడంలో నేను ఆరితేరాను గానీ, తీసుకోవడానికి కూడా తల వంచాలని ఎవరూ చెప్పలేదు.

"సరేనండీ," అన్నాను. "అయితే శనివారం శనివారం మీరు అక్కడే ఉండి ఆడి రండి. ఆ రోజు నీళ్లు నేను తెస్తాను."

"మిగిలిన రోజులు నేను తెస్త. నువ్వు, అమ్మ బావికాడికి పోవద్దు."

"చీకటి పడ్తది శనివారం," అంది అత్తమ్మ. "బువ్వ చల్లారుతది. నేను మాత్రం మళ్ల వేడిజేసి పెట్ట." ఎవరూ ఆమెను ఏమీ ఇమ్మని అడగలేదు. తనూ ఈ పంపకంలో ఉండాలని కాబోలు, కాసేపటికి, "కోళ్లు ఎక్కడికి పోవు. అది మాత్రం రాసుకోండ్రి," అంది.

మర్నాడే మావారు నీళ్లు మొదలుపెట్టారు. మా ఊరి బావి దగ్గర మగవాళ్లు బర్రెలను కడుగుతారు గానీ ఇంటికి మంచినీళ్లు మోయరు. ఈయన భుజాన కావడి, అటూ ఇటూ బిందెలు వేసుకుని బయల్దేరేసరికి ఆడవాళ్లు దారిచ్చి మరీ చూశారు.

"ఏం తమ్మీ, కొత్త కోడలువా ఏంది?" అంది పక్కింటి అక్క, అందరికీ వినపడేలా.

"అవునక్కా. జర కొంగు సర్దుకోనియ్," అన్నారట ఈయన, భుజం మీది తువ్వాలు తల మీదికి లాక్కుని. సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి. ఇంటికొచ్చాక ఆ తడి చొక్కాతోనే ఫ్యాక్టరీకి వెళ్లారు. రెండో రోజుకి ఒలకడం తగ్గింది. ఆదివారానికి ఆ అక్క తన మొగుణ్ణి నిలబెట్టి, "సూడు, సూసి నేర్సుకో," అంటున్నదని అత్తమ్మ ఆనందంగా వచ్చి చెప్పింది. వాళ్లాయన మాత్రం నేర్చుకోలేదు.

క్వార్టర్ వద్దని చెప్పి వచ్చిన రోజు మావారు ఎక్కువ మాట్లాడలేదు. అన్నం తిని త్వరగా పడుకున్నారు. నేను ఓదార్చే మాటలు వెతకలేదు. ఆయన వదులుకున్నది ఆయనకు పెద్దది. దాన్ని నా మాటలతో చిన్నది చేయకూడదనిపించింది. లాంతరు వెలుగు ఆయన కళ్ల మీద పడకుండా తగ్గించి, ఆ పూట చదవకుండానే పడుకున్నాను.

సోమవారం పొద్దున రెండు కావళ్ల నీళ్లు పోసి, ఆయన సైకిలు నడిపించుకుంటూ నాతో పాటు బండల దాకా వచ్చారు. అక్కడ దారులు రెండవుతాయి. ఆయనది ఫ్యాక్టరీ వైపు, నాది గోపన్‌పల్లి వైపు. నా చేతిలో టిఫిన్ డబ్బా ఉంది, అత్తమ్మ కట్టింది. "భయమైతుందా?" అని అడిగారు. "అవుతోంది," అన్నాను. అవడం లేదని చెప్పడం నాకు అలవాటు, కానీ ఆ వారంలో అది కాస్త వదిలింది. "నాగ్గూడ. ఈ శనివారం మొదలుపెడ్త, నన్ను ఆడనిస్తరో లేదో. చాన రోజులైంది," అని ఆయన సైకిలెక్కి వెళ్లిపోయారు.

షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి రేకులు అప్పుడే వేడెక్కుతున్నాయి. పెద్దాయన రిజిస్టరులో నా చేత సంతకం పెట్టించి, కళ్లజోడు పైనుంచి చూస్తూ, "మీవారికి అభ్యంతరం ఏమీ లేదు కదమ్మా? తర్వాత మధ్యలో మానేస్తే మాకు ఇబ్బంది," అన్నారు.

మామూలుగా అయితే తల ఊపేదాన్ని.

"ఆయనకు ఇష్టమైనది ఒకటి వదులుకోవాల్సి వచ్చిందండీ," అన్నాను. "అయినా నన్ను రమ్మన్నారు. అందుకని నేను మానేయను."

ఆయన కలం పక్కన పెట్టారు. "మరి మీకు ఇష్టమేనా?"

"ఇష్టమండీ," అన్నాను. నా గొంతు రేకులకు తగిలి తిరిగి నాకే వినిపించింది.

ఆయన నవ్వి, మేకులు పీకే ఇనుప కడ్డీ ఒకటి నా చేతికిచ్చి, గోడ పొడవునా ఉన్న చెక్కపెట్టెలు చూపించారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు. నేను కిటికీకి దగ్గరగా ఉన్నదాని దగ్గర కూర్చుని మొదటి మేకు కింద కడ్డీ దూర్చాను.